ఆటలో పాట: ఇండీ రాక్ బ్యాండ్‌కి గేమర్లలో శ్రోతలు ఎలా దొరుకుతారు

(ప్రసంగ పాఠం. సభికులు అడిగిన ప్రశ్నలు చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

మనం ఆటపాటలు అని ఒక్క మాటగా అనేస్తాం. సంగీత వ్యాపారం మాత్రం చాలాకాలం ఆ రెండిటినీ వేరువేరు గదుల్లో ఉంచింది. మధ్యలో గోడ ఎలా బీటలు వారిందో తెలియాలంటే 1999లో వచ్చిన టోనీ హాక్స్ ప్రో స్కేటర్ ఆటని తీసుకోండి. స్కేట్‌బోర్డు ఆట. ఒక్కో రన్ రెండే నిమిషాలు. పాటలేమో పది. పడితే మళ్ళీ మొదలు, గెలిచినా మళ్ళీ మొదలు. ఓ సాయంత్రమంతా కూర్చుని ఆడినవాళ్ళ చెవిలో ఒక్కో పాట ఎన్నిసార్లు పడి ఉంటుందో లెక్కేసుకోండి. ఒక్కసారి కూడా ‘ఈ పాట విందాం’ అనుకుని పెట్టుకున్నది కాదు. గోల్డ్‌ఫింగర్ లాంటి స్కా పంక్ బ్యాండుని రేడియోలో ఎన్నడూ వినని వాళ్ళు కూడా ఈరోజుకీ మొదటి రెండు బార్లకే (తాళపు ఆవర్తాలకే) గుర్తుపడతారంటే కారణం అదే.

ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. గేమర్లు మీ పాట వినడానికి రారు. వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. ఆ పనికి మీ పాట పనికొస్తే వాడుకుంటారు. వాడగా వాడగా అది వాళ్ళ పాట అయిపోతుంది. అందుకని బ్యాండ్ చెయ్యాల్సిన ముఖ్యమైన పని ఒకటే. పాటని వాడుకోవడానికి ఏవేవి అడ్డం వస్తున్నాయో చూసి తీసెయ్యాలి. ఆ అడ్డంకుల్లో సగం కాగితాల్లో ఉంటాయి, సగం ఆడియో ఫైళ్ళలో ఉంటాయి. రెండూ చూద్దాం.

ముందు, దారులు ఎన్ని ఉన్నాయో ఒకసారి. డ్రాగన్‌ఫోర్స్ సంగతి అందరికీ తెలుసు. 2007లో గిటార్ హీరో త్రీలో వాళ్ళ ఏడు నిమిషాల పాట ఒకటి చివర్లో వచ్చింది. దాన్ని పూర్తిగా వాయించగలగడం ఒక పరువు సమస్య అయిపోయి, వాయించినవాళ్ళు వీడియోలు పెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళది పవర్ మెటల్, మనది ఇండీ రాక్. ఆ వేగం మన దగ్గర ఉండదు, ఉండక్కర్లేదు కూడా. లో రోర్ కథ మనకి దగ్గరది. ఐస్‌లాండ్‌లో మొదలైన, నెమ్మదైన, చల్లటి సంగీతం వాళ్ళది. 2019లో డెత్ స్ట్రాండింగ్ వచ్చాక వాళ్ళ పేరు లక్షలమందికి తెలిసింది. ఆ ఆటలో ఏం చేశారో దగ్గరగా చూడండి. ఆటగాడు బరువులు మోసుకుంటూ కొండ దిగుతుంటాడు. శత్రువులు లేరు, మాటల్లేవు. కెమెరా మెల్లగా వెనక్కి జరుగుతుంది. పాట మొదలవుతుంది. తెర మీద పాట పేరు, బ్యాండ్ పేరు పడతాయి. ఆ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అది లేకపోతే మిగతాదంతా గాలికి పోయినట్టే. పేరు తెలియని పాటని ఎవరూ వెతకలేరు.

మూడోది సిక్స్టీఫైవ్ డేస్ ఆఫ్ స్టాటిక్. షెఫీల్డ్ పోస్ట్‌రాక్ బ్యాండ్. 2016లో నో మ్యాన్స్ స్కై ఆటకి వాళ్ళు ఆల్బమ్ ఇవ్వడంతో ఆగలేదు. పాటల్ని ముక్కలుగా విడగొట్టి ఇచ్చారు, ఆట ఇంజన్ వాటిని ఎప్పటికప్పుడు పేర్చుకుంటుంది. దీని గురించి తర్వాత చెబుతాను.

చిన్న బ్యాండ్‌కి ఈ మూడూ మొదటి మెట్టు కావు. మొదటి మెట్టు స్ట్రీమర్లు, అంటే తాము ఆడే ఆటని నెట్‌లో లైవ్‌గా చూపించేవాళ్ళు. రెండోది రిథమ్ గేమ్ చార్టులు, అంటే పాటలో ఏ క్షణాన ఏ మీట నొక్కాలో ఆటకి చెప్పే ఫైళ్ళు. మూడోది చిన్న స్టూడియోల ఆటలు. ఈ వరుస తలకిందులు చేసినవాళ్ళే ఎక్కువ అలిసిపోతారు.

స్ట్రీమర్ల దగ్గరికి వెళ్ళేముందు కాగితాలు. ఇది విసుగు పుట్టించే భాగం, తెలుసు. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకునే చోటు సరిగ్గా ఇదే.

2020 జూన్‌లో, ఆటలు లైవ్‌లో చూపే ట్విచ్ అనే వేదికలో స్ట్రీమర్ల మీద కాపీరైట్ నోటీసులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. అవి కొత్త స్ట్రీముల గురించి కాదు, 2017 నుంచి 2019 దాకా ఉన్న పాత క్లిప్పుల గురించి. అక్టోబర్లో ట్విచ్ వేలాది క్లిప్పుల్ని తనే తీసేసింది. మూడు స్ట్రైకులు పడితే చానల్ పోతుంది. ఆ భయం ఇప్పటికీ పోలేదు. కాబట్టి స్ట్రీమర్ మనసులో మీ పాట బాగుందా లేదా అన్నది రెండో ప్రశ్న. ‘దీనివల్ల రెండేళ్ళ తర్వాత నా చానల్‌కి ఏమైనా అవుతుందా’ అన్నదే మొదటిది.

దీనికి జవాబు ఒక పేజీ లైసెన్సు. న్యాయవాది భాష అక్కర్లేదు, మామూలు మాటల్లో రాయండి. ఎవరికి ఇస్తున్నారు: ఎవరైనా స్ట్రీమర్, వీడియో చేసేవాళ్ళు. దేనికి: లైవ్, ఆ తర్వాత నిలిచే రికార్డింగు, క్లిప్పులు, యూట్యూబ్ వీడియోలు, వాటిమీద వచ్చే డబ్బుతో సహా. ఏది కుదరదు: పాటని పాటగా మళ్ళీ అప్‌లోడ్ చెయ్యడం, వేరే కంపెనీల ప్రకటనల్లో పెట్టడం. పేరు ఎలా వెయ్యాలి: ఒక లైను, అక్షరం మారకుండా కాపీ చేసుకునేలా. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇది: ‘రేపు ఈ అనుమతి మేం ఆపేసినా, అప్పటికే పెట్టిన వీడియోలకు ఇది ఎప్పటికీ వర్తిస్తుంది.’ రేపు మీరు ఏదో లేబుల్‌తో (రికార్డు కంపెనీతో) ఒప్పందం చేసుకుంటే పాత వీడియోల గతేమిటన్న భయం ఈ ఒక్క వాక్యంతో పోతుంది. లేబుల్‌తో కూర్చున్నప్పుడు ఆ కాగితం బల్ల మీద పెట్టండి, దాచకండి.

ఈ అనుమతి ఇచ్చే హక్కు అసలు మీకుందా? పాటలో రెండు హక్కులుంటాయి. రాసినవాళ్ళది ఒకటి, రికార్డింగు చేయించినవాళ్ళది ఇంకొకటి. బ్యాండ్‌లో నలుగురుంటే నలుగురూ ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు చెయ్యండి, రికార్డింగు అయిన వారంలోనే. ఒక్క పాటకి ట్రంపెట్ వాయించి వెళ్ళిన మిత్రుడి సంతకం కూడా అందులో ఉండాలి. మీరు ఏదైనా ప్రదర్శన హక్కుల సంఘంలో సభ్యులైతే దాని నిబంధనలు చదవండి. కొన్ని సంఘాల్లో చేరగానే ఆ హక్కు సంఘానికి వెళ్ళిపోతుంది, ఉచితంగా ఇచ్చే వీలు మీ చేతిలో ఉండదు. ఇతరుల పాటకి మీరు చేసిన కవర్ అయితే, స్ట్రీమర్లకిచ్చే పాటల మూటలో చేర్చనే వద్దు. కవర్ విడుదల చెయ్యడానికి తీసుకునే అనుమతి వేరు, దాన్ని వీడియోకి కలపడానికి కావాల్సింది వేరు.

ఇప్పుడు ఎక్కువమంది పడే గొయ్యి. పాటని స్ట్రీమింగ్ యాప్‌లకి పంపే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో యూట్యూబ్ కంటెంట్ ఐడీ అని ఒక గడి ఉంటుంది. మీ పాట ఎవరి వీడియోలో వినిపించినా యంత్రమే గుర్తుపట్టే ఏర్పాటు అది. ‘డబ్బు వస్తుంది కదా’ అని టిక్ పెట్టేస్తారు. ఆ తర్వాత ఏం జరుగుతుంది? మీరు స్వయంగా ‘వాడుకోండి’ అన్న స్ట్రీమర్ వీడియో పెడతారు, పది నిమిషాల్లో మీ పేరుతోనే క్లెయిమ్ పడుతుంది, ఆ వీడియో డబ్బు మీ ఖాతాలోకి మళ్ళుతుంది. అక్కడికి ఆ స్నేహం ముగిసినట్టే, వాళ్ళు ఇంకో పదిమందికి చెబుతారు కూడా. గేమర్ల కోసం అనుకున్న పాటలకి ఆ టిక్ పెట్టకండి. పెట్టేసి ఉంటే, తీసెయ్యమని డిస్ట్రిబ్యూటర్‌కి రాసి, క్లెయిములు నిజంగా ఆగాయో లేదో మీరే ఒక ప్రైవేటు వీడియో అప్‌లోడ్ చేసి చూసుకోండి. టిక్ ఉండాల్సిందే అని లేబుల్ పట్టుబడితే, చానళ్ళని ఒక్కొక్కటిగా మినహాయింపు జాబితాలో చేర్పించాలి. అది ముప్పై చానళ్ళ వరకు నడుస్తుంది గానీ మూడొందలకి నడవదు.

ఇంకో మెలిక. పాటలో కొనుక్కున్న డ్రమ్ లూప్ ఒకటి యథాతథంగా వాడారనుకోండి. అదే లూప్ కొనుక్కున్నవాళ్ళు ప్రపంచమంతా ఉంటారు. కంటెంట్ ఐడీకి మీరిద్దరూ ఒకేలా వినిపిస్తారు. మీరు టిక్ పెట్టకపోయినా, వాళ్ళు పెట్టి ఉంటే వాళ్ళ పేరుతో మీ స్ట్రీమర్ మీద క్లెయిమ్ పడుతుంది. అందుకే ఈ మూటలోకి వెళ్ళే పాటల్లో డ్రమ్స్ స్వయంగా వాయించినవై ఉండటం మేలు. రాక్ బ్యాండ్‌కి ఇది కష్టమైన పని కాదు, డ్రమ్మర్ ఊరికే కూర్చుని ఉంటాడు కదా. (నవ్వులు)

కాగితాలయ్యాయి. ఇక స్ట్రీమర్ల చేతికిచ్చే మూట. ఇందులో ఏముండాలంటే: మామూలు పాట, గొంతు లేని రూపం, ‘కాసేపట్లో మొదలు’ అనే తెరకి ఐదు నిమిషాల పాటు అతుకు తెలియకుండా తిరిగే లూపు, మధ్యలో విరామానికి ఒక నిమిషంది, ఒక తెర నుంచి ఇంకో తెరకి మారేటప్పుడు వినిపించే మూడు సెకన్ల గిటార్ విరుపు. అన్నీ 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్ళు, ఎందుకంటే వీడియో ప్రపంచం అంతా 48 మీదే నడుస్తుంది. ఫైలు పేరులోనే బ్యాండ్ పేరు, పాట పేరు ఉండాలి. ‘ఫైనల్ మిక్స్ 7 కొత్తది’ అన్న ఫైలు స్ట్రీమర్ ఫోల్డర్లో పడ్డాక అది ఎవరిదో మూడు నెలల తర్వాత వాళ్ళకే తెలియదు. లైసెన్సు పేజీ అదే ఫోల్డర్లో. బ్యాండ్ పేరు, పాట పేరు ఉన్న చిన్న టెక్స్ట్ ఫైలు కూడా అందులోనే. స్ట్రీమర్లు వాడే ప్రసార సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో టెక్స్ట్ సోర్సుని ఫైలు నుంచి చదివేలా పెట్టొచ్చు, పేరు తెర మూల పడుతుంది. లో రోర్‌కి ఆట చేసిపెట్టిన పని మీకు ఆ టెక్స్ట్ ఫైలు చేసిపెడుతుంది.

గొంతు లేని రూపం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఊరికే గొంతు ట్రాక్ మ్యూట్ చేసి ఎగుమతి చేస్తే సరిపోదు. స్ట్రీమర్ మాట్లాడుతుంటారు. మాటలోని హల్లులు స్పష్టంగా వినిపించే ప్రాంతం సుమారు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్. డిస్టార్షన్ గిటార్ కాపురముండేది కూడా అక్కడే. ఇద్దరూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటే స్ట్రీమర్ చేసే మొదటి పని మీ పాట వాల్యూం తగ్గించడం, రెండోది తీసెయ్యడం. అందుకని ఈ రూపంలో గిటార్ బస్ (గిటార్లన్నీ కలిసే ట్రాకు) మీద రెండున్నర కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పాటి ఈక్యూతో 3 డీబీ దాకా తగ్గించండి. గిటార్లని బాగా ఎడమకీ కుడికీ జరపండి, మధ్యలో మాటకి చోటు దొరుకుతుంది. స్నేర్ డ్రమ్ మరీ చెంపదెబ్బలా ఉంటే కొంచెం మెత్తబరచండి. ఒంటరిగా వింటే ఈ మిక్స్ పేలవంగా ఉంటుంది. ఉండనివ్వండి. దాని మీద ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు విని అప్పుడు తీర్పు చెప్పండి.

లౌడ్‌నెస్ సంగతి. రాక్ మాస్టర్లు, అంటే విడుదలకి సిద్ధం చేసిన చివరి ఫైళ్ళు, మైనస్ 8, మైనస్ 9 లఫ్స్ (బిగ్గరతనం కొలత) దాకా ఒత్తేసి ఉంటాయి. కన్సోల్ ఆటల శబ్దం మైనస్ 24 దరిదాపుల్లో కలుపుతారు. పక్కపక్కన పెడితే మీ పాట అరుపులా వినపడుతుంది. ఈ మూట కోసం లిమిటర్ (శబ్దపు శిఖరాల్ని అణిచే సాధనం) తగ్గించి మైనస్ 14 దగ్గర వేరే మాస్టర్ చెయ్యండి, ట్రూ పీక్ (అతి ఎత్తైన శిఖరం) మైనస్ 1 దాటకుండా. ఉన్న మాస్టర్‌నే ఆరు డీబీ తగ్గిస్తే అంకె సరిపోతుంది, కానీ ఒత్తిడి అలాగే ఉండి చెవి అలిసిపోతుంది. స్ట్రీమ్ నాలుగు గంటలు నడుస్తుందని మరిచిపోకండి.

మూటలో ఇంకో అర పేజీ చేర్చండి, ‘మాట్లాడినప్పుడు పాట తనంతట తనే తగ్గాలంటే’ అని. ఓబీఎస్‌లో పాట సోర్సు మీద కంప్రెసర్ ఫిల్టర్ పెట్టి, సైడ్‌చెయిన్ దగ్గర, అంటే దేన్ని విని పాట తగ్గాలో చెప్పే చోట, మైకుని ఎంచుకోవాలి. అందులో ముందే ఉండే అంకెలు రేషియో 10, త్రెషోల్డ్ మైనస్ 18, అటాక్ 6 మిల్లీసెకన్లు, రిలీజ్ 60. వీటిని అలాగే వదిలేస్తే మాటకీ మాటకీ మధ్య సందులో పాట ఎగిరిపడుతూ ఉంటుంది, ఊపిరాడనట్టు. రిలీజ్ 600 దాకా పెంచండి, రేషియో 4కి దించండి, త్రెషోల్డ్ మైనస్ 32 దగ్గర మొదలుపెట్టి మైకుని బట్టి సవరించండి. ఇది చూసి ‘వీళ్ళకి మన పని తెలుసు’ అనుకుంటారు. ఆ అర పేజీకి ఉన్న విలువ పోస్టర్లకి లేదు.

ఎవరిని అడగాలి? సగటున ఇరవై నుంచి రెండొందలమంది చూసే స్ట్రీమర్లని. పెద్ద చానళ్ళకి ఉత్తరాలు గుట్టలుగా వస్తాయి, చదవరు. ఆట రకం చూడండి. పోటీ షూటింగ్ ఆటల్లో అడుగుల చప్పుడు వినాలి కాబట్టి పాటే పెట్టరు. కట్టుకునే ఆటలు, వ్యవసాయం ఆటలు, పజిళ్ళు, దూరప్రయాణాల డ్రైవింగ్, మెల్లగా సాగే రోల్‌ప్లేయింగ్, వీటిల్లో పాటకి చోటుంది. కనీసం రెండు స్ట్రీములు పూర్తిగా చూశాకే రాయండి. నాలుగు వాక్యాలు చాలు: ఎవరు మీరు, ఏ పాట వాళ్ళ స్ట్రీమ్‌లో ఎక్కడ సరిపోతుందనుకుంటున్నారు, ఫోల్డర్ లింకు, లైసెన్సు సారం. లైవ్ నడుస్తుండగా చాట్‌లో లింకు పడెయ్యడం పనిలో ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకు లాగినట్టుంటుంది. మోడరేటర్లు అక్కడికక్కడే నిషేధిస్తారు, సబబే.

ఇప్పుడు రిథమ్ గేములు. నాకు బాగా ఇష్టమైన భాగం, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

గిటార్ హీరో 2005లో, రాక్ బ్యాండ్ 2007లో వచ్చాయి. 2010లో రాక్ బ్యాండ్ నెట్‌వర్క్ పేరుతో హార్మోనిక్స్ సంస్థ, లేబుల్ లేని బ్యాండ్లు కూడా తమ పాటని తామే ఆటకి మలిచి అమ్ముకునే వీలు కల్పించింది. అది మూతపడింది గానీ అలవాటు చావలేదు. క్లోన్ హీరో అనే ఉచిత ఆటలో ఈరోజుకీ అభిమానులు చేసిన చార్టులే ఊపిరి. 2007 నుంచి నడుస్తున్న ఓసూ అయితే ఒకడుగు ముందుకేసి, కళాకారులతో నేరుగా ఒప్పందం చేసుకుని వాళ్ళ పాటల్ని చార్టులు చేసే మ్యాపర్లకి అందుబాటులో పెడుతుంది. ఇక్కడి ఆటగాళ్ళు పాట మీద గంటలు గడుపుతారు. ఒక సోలో రాకపోతే వేగం తగ్గించి, నాలుగు బార్లనే నలభై సార్లు వాయిస్తారు. మీ గిటారిస్టు కన్నా ఆ సోలో వాళ్ళకే బాగా తెలుసు.

వాళ్ళకి మీరు ఇవ్వాల్సింది రెండు: టెంపో మ్యాపు, స్టెమ్‌లు.

టెంపో మ్యాపు ఎందుకంటే, ఇండీ బ్యాండ్లు క్లిక్ (తాళం చూపే టిక్కు చప్పుడు) లేకుండా రికార్డు చేస్తాయి. కోరస్‌లో వేగం పెరుగుతుంది, బ్రిడ్జిలో తగ్గుతుంది. వినడానికి అందంగానే ఉంటుంది. ఆటలో మాత్రం నోట్లు తెర మీంచి గీత దగ్గరికి వచ్చి, కచ్చితంగా ఆ క్షణాన మీట నొక్కాలి. ఒప్పుకునే తేడా ఓ వంద మిల్లీసెకన్లకు లోపే. మీరు నిమిషానికి 140 బీట్లు అని చెప్పారు, నిజంగా వాయించింది 140.2 అనుకోండి. మూడు నిమిషాలయ్యేసరికి పావు సెకను తేడా. ఆటగాడు సరిగ్గానే నొక్కుతాడు, ఆట తప్పంటుంది. ఇంకెప్పుడూ ఆ చార్టు తెరవడు. కాబట్టి మీ రికార్డింగు సాఫ్ట్‌వేర్లో స్నేర్ దెబ్బల్ని పట్టుకుని, ప్రతి బారు మొదట్లో ఒక టెంపో గుర్తు పెట్టండి. నాలుగు బార్లకొకటి చాలదు, ముఖ్యంగా ఫిల్ అయిపోయి కోరస్‌లోకి దూకేచోట. అది అయ్యాక క్లిక్ మోగించి పాటంతా వినండి. క్లిక్ స్నేర్‌లో కలిసిపోయి వినపడకుండా పోతే సరిగ్గా ఉన్నట్టు. రెండు టిక్కులుగా చీలిందంటే అక్కడ సరిదిద్దాలి. ఈ మ్యాపుని మిడీగా ఎగుమతి చేసి ఇస్తే, మూన్‌స్క్రేపర్ లాంటి చార్టు ఎడిటర్‌తో పనిచేసేవాళ్ళకి చాకిరీ సగానికి సగం తగ్గుతుంది.

స్టెమ్‌లు అంటే గిటార్, బాస్, డ్రమ్స్, గొంతు, మిగతావి, ఒక్కోటి వేరే ఫైలు. ఎందుకు? ఆటగాడు నోటు తప్పితే గిటార్ ఆగిపోవాలి. ఆ గతుక్కుమనే క్షణమే ఆటకి ప్రాణం. గిటార్ ఆగిన ఖాళీలో, అక్కడ అసలు ఏం వాయిస్తున్నారో మొదటిసారి తెలుస్తుంది. మొత్తం ఒకే ఫైలుగా ఇస్తే తప్పినా పాట నడుస్తూనే ఉంటుంది, ఉప్పులేని పప్పులా. స్టెమ్‌లన్నీ సున్నా దగ్గర మొదలై ఒకే పొడవు ఉండాలి. మాస్టర్ బస్ మీది కంప్రెసర్, లిమిటర్ ఆపేసి ఎగుమతి చెయ్యండి. ఒక్కో స్టెమ్‌ని విడిగా లిమిటర్‌లోంచి పంపితే కలిపినప్పుడు అసలు పాట రాదు, డ్రమ్స్ ముందుకొచ్చి మిగతావి వెనక్కి పోతాయి. సరిచూసుకోవడం తేలిక: స్టెమ్‌లన్నీ కలిపి, లిమిటర్ లేని మిక్స్‌ని ఫేజ్ తిప్పి (అలని తలకిందులు చేసి) దాని మీద పెట్టండి. నిశ్శబ్దం రావాలి. ఏదైనా గొణుగుడు మిగిలితే ఏదో స్టెమ్‌లో రివర్బ్ (ప్రతిధ్వని) తప్పిపోయింది.

ఎంపీత్రీ ఇవ్వకండి. ఎంపీత్రీ ఎన్‌కోడింగు పద్ధతే పాట మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది. లేమ్ ఎన్‌కోడర్, డికోడర్ కలిపి 1105 శాంపిళ్ళు, అంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 25 మిల్లీసెకన్లు. కొన్ని ప్లేయర్లు దాన్ని కోసేస్తాయి, కొన్ని కొయ్యవు. మీ టెంపో మ్యాపు వేవ్ మీద చేసి ఆడియో ఎంపీత్రీ ఇస్తే మొదటి బీటు నుంచే తేడా. వేవ్ లేదా ఫ్లాక్ ఇవ్వండి, ఆటకి కావాల్సిన ఓగ్‌కో ఓపస్‌కో చార్టు చేసేవాళ్ళే మార్చుకుంటారు.

ఏ పాట ఇవ్వాలన్నది మీ అభిమానం చూసి తేల్చకండి. ఎనిమిది బార్లు ఒకే కార్డు పట్టుకుని ఊగే పాట వినడానికి స్వర్గంలా ఉండొచ్చు, ఆడటానికి ఏమీ ఉండదు. కదిలే రిఫ్, చేతికి పనిచెప్పే బాస్ లైను, మధ్యలో ఒక వింత లెక్క ఉన్న పాట తీసుకోండి. తాళం లెక్కలు మారుస్తుండే మ్యాథ్ రాక్ వైపు మొగ్గిన బ్యాండ్లకి ఇక్కడ ఎర్రతివాచీయే.

ఇక చిన్న స్టూడియోల ఆటలు. ఒకరో ముగ్గురో కలిసి చేసే ఆటకి డబ్బు తక్కువ, మీ దగ్గర పాట ఉంది. పొత్తు కుదురుతుంది. ఒప్పందంలో తప్పక చూడాల్సినవి చెబుతాను. గడువు: ఆట అమ్ముడవుతున్నంత కాలం అని రాయండి. గడువు పెట్టిన ఒప్పందాలు పెద్దపెద్ద ఆటల్నే ఏం చేశాయో చూశాం. సంగీతం లైసెన్సులు తీరిపోయి అలన్ వేక్ 2017 మేలో దుకాణాల నుంచి మాయమైంది, మళ్ళీ 2018 అక్టోబర్లో గానీ రాలేదు. జీటీఏ ఫోర్ రేడియోలోంచి కొన్ని పాటలు 2018లో తీసెయ్యాల్సి వచ్చింది. పాట తీసేస్తే ఆటకన్నా మీకే నష్టం, ఎందుకంటే కొత్త ఆటగాళ్ళు మిమ్మల్ని కలవరు. రెండోది, ఆట ఆడుతూ చేసే స్ట్రీములు, వీడియోలు అన్నిటికీ అనుమతి ఇందులోనే కలిపి ఉండాలి. మూడోది, తెర మీద పేరు: చివరి క్రెడిట్లలో మాత్రమేనా, పాట మొదలైనప్పుడా? రెండోది అడగండి. డబ్బు కొంచెం తగ్గించుకునైనా అడగండి. నాలుగోది, సౌండ్‌ట్రాక్‌ని విడిగా అమ్మే హక్కు మీ దగ్గరే ఉంచుకోండి.

ఫైళ్ళ దగ్గర మళ్ళీ అదే ఎంపీత్రీ గొడవ, లూపు అతుకు దగ్గర ఖాళీ పడుతుంది. ఇంకో తప్పు రివర్బ్ తోక. ఎనిమిదో బారు చివర ఠక్కున కోస్తే తిరిగి మొదలైనప్పుడు సింబల్ మోత మధ్యలో తెగుతుంది. ఆ భాగాన్ని వరుసగా రెండుసార్లు వాయించి, రెండోసారిది కోసి ఇవ్వండి. మొదటిసారి తోక రెండోదాని తలలో కలిసి ఉంటుంది కాబట్టి అతుకు తెలియదు. ఆటలో శబ్దాన్ని నడిపించే ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి సాధనాలు వాడే స్టూడియో అయితే పొరలు అడుగుతుంది: నడుస్తున్నప్పుడు బాస్, డ్రమ్స్, ప్రమాదం దగ్గరపడితే గిటార్, పోరాటంలో అన్నీ. ఏ పొర ఎప్పుడొచ్చినా పొసగాలి. సిక్స్టీఫైవ్ డేస్ ఆఫ్ స్టాటిక్ నో మ్యాన్స్ స్కైకి ముక్కలిచ్చారన్నానే, అది ఇదే ఆలోచనని చివరిదాకా లాగడం. ఒక గట్టి సలహా: ఒకే ఆటకి ఒకే స్వరస్థాయిలో, ఒకే వేగంలో రెండు పాటలు రాసుకోండి. ముక్కలు ఇటువి అటు వాడుకోవచ్చు.

ఆటలో కచేరీ గురించి అడుగుతారని తెలుసు. 2019 ఫిబ్రవరిలో ఫోర్ట్‌నైట్‌లో డీజే మార్ష్‌మెల్లో కచేరీ జరిగాక అందరికీ అదే కల. ఆ స్థాయి మనకి కుదరదు. మైన్‌క్రాఫ్ట్ కుదురుతుంది. 2020 ఏప్రిల్‌లో ఓపెన్ పిట్ అనే బృందం పెట్టిన పండుగలో ఇండీ బ్యాండ్ అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఉంది. అదే నెలలో బ్లాక్ బై బ్లాక్‌వెస్ట్ అనే ఇంకో పండుగ, జనం పోటెత్తి సర్వర్ కూలిపోయి, మే 16కి వాయిదా పడింది. ఎందుకు కూలుతుంది? మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకి 20 సార్లు తన లోకాన్నంతా లెక్కేసుకుంటుంది, ఒక్కో లెక్కకి 50 మిల్లీసెకన్లు. ఆ పని చాలావరకు ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీదే పడుతుంది, అందుకని కోర్లు ఎన్ని కొన్నా పెద్దగా లాభం ఉండదు. చేయాల్సింది ఏమిటంటే, అదే వేదికకి నాలుగైదు నకళ్ళు తీసి, ముందు వెలాసిటీ లాంటి ప్రాక్సీ పెట్టి, ఒక్కో నకలులోకి వందమందికి మించకుండా పంచడం. కోళ్ళూ ఆవులూ పుట్టడం ఆపెయ్యండి, కనిపించే దూరం తగ్గించండి. పాట ఆటలోంచి రాదు, పక్కన వెబ్‌లో ఆడియో స్ట్రీమ్ నడవాలి. ఆ స్ట్రీమ్ పది ఇరవై సెకన్లు వెనక ఉంటుంది. లైవ్‌లో పాడుతూ బొమ్మని ఆడిస్తే జనం చూసేదీ వినేదీ కలవదు. అందుకే సెట్ ముందే రికార్డు చేసుకుని, బ్యాండ్ మొత్తం చాట్‌లో కూర్చుంటుంది. నిజానికి జనం గుర్తుపెట్టుకునేది ఆ చాట్‌నే.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: అభిమానులకి డిస్కార్డ్‌లో కొత్త పాట లైవ్‌లో వినిపిస్తే గిటార్ మింగేసినట్టు వస్తోంది. ఎందుకు?

డిస్కార్డ్ గేమర్లు మాట్లాడుకునే యాప్, మాటల కోసం కట్టింది కాబట్టి. క్రిస్ప్ అని శబ్దం తగ్గించే ఏర్పాటు ఉంటుంది, అది సాగదీసిన గిటార్‌ని ఫ్యాన్ చప్పుడు అనుకుని కోసేస్తుంది. సెట్టింగుల్లో దాన్ని, ఎకో తగ్గింపుని, గెయిన్ తనంతట తనే సర్దుకోవడాన్ని, మూడూ ఆపెయ్యండి. మాట మొదలైతేనే మైకు తెరుచుకునే పద్ధతి కూడా, లేకపోతే నెమ్మదైన చోట పాట తెగుతుంది. చానల్ బిట్‌రేటు మామూలుగా 64 కిలోబిట్లు ఉంటుంది, బూస్టులు (డబ్బు కట్టి తెచ్చుకునే అదనపు సౌకర్యాలు) లేని సర్వర్లో 96 దాకా పెంచొచ్చు. అక్కడా గొంతు, ఒక గిటారు వరకు బాగుంటుంది. పూర్తి బ్యాండ్ వినిపించాలంటే ఫైలు పెట్టి ‘అందరూ ఒకేసారి నొక్కండి’ అనడమే నయం.

ప్రశ్న: ఒక స్ట్రీమర్ మా పాట వాడిన మర్నాడు వినేవాళ్ళు ఒక్కసారి పెరిగి, మూడు రోజుల్లో మళ్ళీ మామూలైపోయారు. అంటే పనిచెయ్యనట్టేనా?

ఎంతమంది విన్నారన్నది చూడకండి. ఎంతమంది పాటని దాచుకున్నారు, ఎంతమంది పేరు టైపు చేసి వెతికి వచ్చారు, ఆ రెండు అంకెలు చూడండి. అల పోయాక కూడా ఆ రెండూ ముందుకన్నా కాస్త ఎత్తులో నిలిస్తే పనిచేసినట్టు. నిలవకపోతే తెర మీద పేరు పడిందో లేదో ఆ రికార్డింగు చూడండి. చాట్‌లో ‘ఏం పాట ఇది’ అన్న ప్రశ్నలు జవాబు లేకుండా ఉంటే సమస్య అక్కడే ఉంది. పాట పేరు చెప్పే చాట్‌బాట్ కమాండు ఒకటి పెట్టమని ఆ స్ట్రీమర్ని అడగండి, రెండు నిమిషాల పని.

ప్రశ్న: మా పాత డ్రమ్మర్ బ్యాండ్ వదిలి వెళ్ళిపోయాడు. మాటల్లేవు. అతను వాయించిన పాటలు ఈ మూటలో పెట్టొచ్చా?

వాటాల కాగితం మీద అతని సంతకం ఉందా? ఉంటే, అందులో ఇతరులకి లైసెన్సు ఇచ్చే మాట కూడా ఉందేమో చూసి పెట్టండి, వాటా డబ్బు వస్తే పంపండి. లేకపోతే పెట్టకండి. అతనికి నాలుగు లైన్ల ఉత్తరం రాయండి, పాటల పేర్లు, వాటా, ఏం వాడకం అన్నది స్పష్టంగా చెప్పి. జవాబు రాకపోతే ఆ పాటలు పక్కన పెట్టి, కొత్త డ్రమ్మర్‌తో మళ్ళీ రికార్డు చేసుకోండి. పాట రాయడంలో అతని చెయ్యి లేకపోతే అడ్డం రికార్డింగు వరకే. రాయడంలో ఉంటే మళ్ళీ రికార్డు చేసినా అతని అనుమతి కావాల్సిందే. ఎలాగూ మళ్ళీ వాయిస్తున్నారు కాబట్టి, ఈసారి క్లిక్ పెట్టుకుని వాయించండి. చార్టులు చేసేవాళ్ళు దండం పెడతారు.